కొలరాడోలో తొలి ఎల్క్ వేట: ఎక్కడ వెతకాలి?

అక్టోబరులో అమెరికాలోని కొలరాడోకు ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్తున్నాను, ఆ కొండలు ఎప్పుడూ చూడలేదు, ఎక్కడ వెతకాలి అని అడిగారు కదండీ. యూనిట్ (మీ లైసెన్సు చెల్లే వేట ప్రాంతం) మొత్తం తిరగాలనుకోకండి. శాటిలైట్ మ్యాపులో రోడ్డుకు కాస్త దూరంగా, ఉత్తరం వైపు వాలిన చిక్కటి అడవి, దాన్ని ఆనుకుని గడ్డి, దగ్గర్లో నీళ్లు ఉన్న చోట్లు నాలుగైదు గుర్తుపెట్టుకోండి. ఎల్క్‌లు పగలు ఆ నీడలో పడుకుని, తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ మేతకు బయటికొస్తాయి. తాజా పెంటికలు మెత్తగా నిగనిగలాడుతుంటాయి. ఎండిపోయినవే కనబడితే ఇంకో చోటుకి కదలండి. గాలి మీ ముఖానికి తగిలేలా నడవండి. పొద్దెక్కాక అది లోయలోంచి పైకి వీస్తుంది. అసలు టెన్షన్ ఎల్క్‌ను కొట్టాకే, మాంసం మోసుకురావడంలో: ఒక్కో వెనక తొడే పాతిక కిలోలు దాటుతుంది. మోసుకురాగలిగినంత దూరమే వెళ్లండి. అన్నట్టు, హంటర్ ఎడ్యుకేషన్ కార్డు (వేట భద్రత శిక్షణ పూర్తిచేసినట్టు ఇచ్చేది) ఇప్పుడే తీసుకోండి, మామూలుగా అది లేనిదే లైసెన్సు ఇవ్వరు.