కుట్టుపనికి టైంటేబుల్ వేసుకోకండి

"ఇంట్లోనే కుట్టుపని మొదలుపెట్టాను, ఇద్దరు చిన్నపిల్లలు, రోజును ఏ గంటకు ఏ పని అని విభజించుకోవాలి?" అని ఒకరు అడిగారు. గంటల లెక్కన విభజించకండి, నిలవదు. గోడకు అతికించిన టైంటేబుల్‌ను పిల్లలు చదవరు. చదివే వయసు వచ్చేసరికి దాని అవసరమే ఉండదు.

పనినే రెండుగా విడదీయండి: మధ్యలో వదిలేయగలిగేది, వదల్లేనిది. గుండీలు కుట్టడం, అంచు మడిచి చేతికుట్టు వేయడం, పాత కుట్లు విప్పడం ఎన్నిసార్లు ఆపినా పోయేదేమీ లేదు. కటింగ్ అలా కాదు. మెడ వంపులో కత్తెర ఆగి మళ్లీ మొదలైతే అక్కడ చిన్న మెట్టు పడుతుంది, అది కుట్టాక కూడా కనిపిస్తుంది. అందుకే కటింగ్ పిల్లలు పడుకున్నాకే. ఒక పని తెగకుండా ఇంకో పనికి మారితే దృష్టిలో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక పత్రమే రాశారు. పిల్లల తల్లిని ఎవరిని అడిగినా ప్రయోగాలు అక్కర్లేకుండానే చెప్పేది.

అసలు కష్టం పిల్లలతో కాదు, పెద్దవాళ్లతో. ఒకరోజు శాటిన్ గుడ్డ పరిచి, చాక్‌తో గీసుకుని కత్తిరిస్తున్నాను. ఫోను మోగితే మా నాలుగేళ్ల అమ్మాయి ఎత్తి, "అమ్మ ఏమీ చేయడం లేదు, ఇంట్లోనే ఉంది" అని చెప్పి పెట్టేసింది. కాసేపటికి ఒక ఖాతాదారు గౌను పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. "ఖాళీగానే ఉన్నారటగా, నడుము దగ్గర వదులు చేసి ఇచ్చేయండి, కూర్చుంటాను" అన్నారు. అంతలో చిన్నవాడు లేచి ఏడుపు అందుకున్నాడు. శాటిన్ కాస్త జరిగినా గీత పక్కకు పోతుంది. వాణ్ణి తీసుకొచ్చి ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టి, "మీరూ ఖాళీగానే ఉన్నారుగా, ఇది అయ్యేదాకా పట్టుకోండి" అన్నాను. వాడు ఆవిడ కళ్లజోడు లాగాడు, కొలతల టేపు చప్పరించాడు, చివరికి భుజం మీద పాలు కక్కాడు. నేను తాపీగా చంక వంపు దాకా కత్తిరించి లేచాను. ఇప్పుడు ఆవిడ ముందురోజే ఫోను చేసి వస్తున్నారు.

ఇందులో మగవాళ్లకు వేరే కొలత ఉంది. 2017 మార్చిలో బీబీసీ ప్రత్యక్ష ప్రసారంలో ఒక ప్రొఫెసర్ ఇంటి నుంచి మాట్లాడుతుంటే పిల్లలిద్దరూ గదిలోకి వచ్చేశారు. లోకమంతా ముచ్చటపడి నవ్వుకుంది. పరుగెత్తుకొచ్చి పిల్లలను లాక్కెళ్లిన వాళ్ల అమ్మను మాత్రం ఆయా అనుకున్నవాళ్లు ఎందరో! అదే కుర్చీలో ఆవిడ ఉండి ఉంటే, పిల్లలను అదుపులో పెట్టుకోలేదని తిట్టేవాళ్లు. నాకైతే సందేహమే లేదు.

ఇంకొక రకం ఉంటారు: "ఇంట్లోనే కదా, దుకాణం అద్దె లేదు కదా, కూలి తగ్గించండి" అనేవాళ్లు. తగ్గించకండి. కరెంటు, దారం, మెషిను మరమ్మతు ఇంట్లో ఉన్నంత మాత్రాన ఊరికే రావు. కటింగ్ వేళకు పిల్లలను చూడటానికి ఎవరినైనా పెట్టుకుంటే ఆ జీతమూ కుట్టుకూలిలో కలపండి. అడిగితే దాచకుండా చెప్పండి, నేను చెబుతాను. అలిగి వెళ్లిపోయినవాళ్లలో చాలామంది బయట ధర కనుక్కుని తిరిగొచ్చారు.