ఒంటరి ముసలివాళ్లకి బియ్యం పంచితే సరిపోతుందా? మా ఊరి అనుభవం

పిల్లలు వలస వెళ్లిపోయాక మీ ఊళ్లో ముసలివాళ్లు సరిగా తినడం లేదని, చందాలు వేసుకుని బియ్యం పంచితే ఎలా ఉంటుందని అడిగారు. బియ్యంతో మొదలుపెట్టకండి. మేం అక్కడే తప్పులో కాలేశాం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, పలాస దగ్గర. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి, జీడి తోటల్ని పడుకోబెట్టేసింది. కరెంటు లేదు, మోటార్లు ఆడక తాగే నీళ్లకీ కటకటే. రామమందిరం పక్కన గాడిపొయ్యి తవ్వి, పడిపోయిన కొబ్బరి మట్టలే మంట పెట్టి, ఊరంతటికీ ఒకే వంట వండుకున్నాం. కరెంటొచ్చాక ఎవరి పొయ్యి వాళ్లదే. తోటలు పోయాక కుర్రాళ్లు హైదరాబాదు, చెన్నై పట్టారు.

తర్వాత మీలాగే అనుకుని ఇంటికింత బియ్యం పోగేసి పంచాం. నెల తిరిగాక మా వీధి చివరి మామ్మ ఇంటికెళ్తే డబ్బా నిండా బియ్యం, పైన పురుగులు. ఆవిడ తింటున్నది గంజి, ఉప్పు, పచ్చిమిరపకాయ. కోటా బియ్యం మనిషికి 5 కిలోలు ఎలాగూ వస్తున్నాయి. లేనిది కూర, పప్పు. ఒక్క ప్రాణానికి ఏం వండుకుంటాంలే అన్న నీరసం ఒకటి.

అందుకే పద్ధతి మార్చాం. ఏడుగురు ముసలివాళ్లు, పద్నాలుగు ఇళ్లు. రోజుకి రెండు ఇళ్ల వంతు. ఆ రోజు ఇంట్లో వండే కూరే నలుగురికి ఎక్కువ వండి, బడి నుంచి వచ్చే పిల్లల చేత క్యారేజీలో పంపిస్తారు. అన్నం వాళ్లే వండుకుంటారు, చేతకాని ఇద్దరికి మాత్రం అదీ పంపిస్తాం. డబ్బు వసూలు లేదు కాబట్టి లెక్కల గొడవ లేదు. దీన్ని నిలబెట్టింది నా లెక్కలో ఇదే.

ఒక చెత్త పని కూడా చేశాం. మొదటి రోజు క్యారేజీ ఇస్తూ ఫొటో తీసి గ్రూపులో పెట్టాం. మర్నాడు మామ్మ తలుపు తియ్యలేదు. "నానేటి అడుక్కుతినేదాన్నా?" అంది లోపల్నించే. వారం రోజులు బతిమాలాం. చివరికి మా అమ్మ వెళ్లి, "మునగాకు దుయ్యడానికి మనిషి లేదత్తా, కాస్త సాయం రా" అని తీసుకొచ్చింది. ఇప్పుడు మా వంతు రోజున ఆకు దూసేది, చింతపండు ఈనెలు తీసేది ఆవిడే. కూరలో ఉప్పు తక్కువైతే తిట్టేదీ ఆవిడే.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మా వైపు ఎక్కువ. ఉప్పు, పప్పు, ఆకుకూర ఎంతవరకు పెట్టొచ్చో వాళ్ల డాక్టర్ని అడిగాకే వండండి. వేలిముద్ర పడక కోటా ఆగిపోయిన వాళ్లుంటే గ్రామ సచివాలయానికి వెంటబెట్టుకుని వెళ్లండి, ఒంటరిగా వెళ్తే రేపు రమ్మంటారు.

ఇంటింటికీ తిరిగేటప్పుడు "తిన్నారా" అని అడక్కండి, తిన్నామనే అంటారు. రాత్రి ఏం కూర అని అడగండి.

సంక్రాంతికి పిల్లలొస్తారు కదా అని మేం పది రోజులు ఆపేస్తాం. పండగయ్యాక మళ్లీ వంతులు పట్టాలెక్కడానికి ప్రతి ఏడూ నానా తంటాలు పడుతున్నాం. దానికి మందు మాకింకా దొరకలేదు, మీకు దొరికితే చెప్పండి.