లా డిగ్రీ లేకుండా శరణార్థుల న్యాయ సహాయంలో ఇంటర్న్‌షిప్: సమాధానం

సోషల్ వర్క్‌లో పీజీ చేస్తున్నారు, శరణార్థులకు న్యాయ సహాయం చేసే సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయాలనుంది, లా చదవలేదని టెన్షన్ పడుతున్నారు. నా మాట విని ధైర్యంగా అప్లై చేయండి.

వాదించడం ఎలాగూ లాయర్ల పని. ఇంటర్న్‌ల చేతికి ఎక్కువగా వచ్చేది శరణు కోరేవారి వాంగ్మూలాలు రాయడంలో సాయం, వారి సొంత దేశ పరిస్థితులపై ఆధారాలు వెతకడం. ఆధారాలకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ వారి ఆన్‌లైన్ డేటాబేస్ రెఫ్‌వరల్డ్ ఉచితంగా దొరుకుతుంది. ఒక దేశం ఎంచుకుని, అక్కడ ఒక వర్గం ఎదుర్కొంటున్న వేధింపుల మీద రెండు పేజీల నోట్ తయారుచేసి అప్లికేషన్‌కు జతచేయండి. ప్రతి విషయానికీ మూలం, తేదీ ఉండాలి.

1951 శరణార్థుల ఒప్పందంలో శరణార్థి అంటే ఎవరో నిర్వచించే ఆర్టికల్ 1ఏ(2) తప్పకుండా చదవండి. జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం: వేధింపుల భయానికి కారణం వీటిలో ఒకటై ఉండాలి. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినంత మాత్రాన ఈ నిర్వచనం వర్తించకపోవచ్చు.

మీ చదువు అక్కరకొచ్చేది వాంగ్మూలం దగ్గరే. "పోలీసులు వచ్చారు" అని ఆగిపోతే, ఎంతమంది, యూనిఫాంలో ఉన్నారా, ఇంట్లో ఎవరున్నారు అని నెమ్మదిగా అడగాలి. హింస అనుభవించినవాళ్లు తేదీలు తారుమారుగా చెప్పడం మామూలే. వాటిని మీరే సరిచేసేయకండి, లాయర్‌కు చూపించండి. అనువాదానికి కుటుంబసభ్యుల్ని కూర్చోబెట్టొద్దు; భర్త ఎదుట భార్య నోరు విప్పలేని సంగతులుంటాయి.

ఇంకోటి, మీ పనిని ఏ లాయర్ పర్యవేక్షిస్తారో చేరేముందే అడగండి. స్పష్టంగా చెప్పలేకపోతే ఆ చోటు వదిలేయండి.