గోడ మీది తీగ గుంజితే పోదు బిడ్డా

బిడ్డా,

జడ్చర్ల ఇంటి పెరడు ఫోటోలు నిన్న రాత్రి ఒక్కొక్కటే పెద్దగా చేసుకుని చూశాను. పాత ఓనరు చెట్లయితే మంచివే పెట్టాడు, దానిమ్మ, కరివేపాకు, సీతాఫలం అన్నీ ఉన్నాయి, కానీ ఏండ్ల తరబడి చూసే దిక్కు లేక తీగలు రాజ్యమేలుతున్నాయి. ఆదివారం ఇద్దరు కూలీలను పెట్టి అంతా గుంజి పారేయిస్తానన్నావు. కొంచెం ఆగు. అట్ల గుంజితే ఆ పూటకు గోడ తేటగా కనపడుతుంది, రెండు వానలు పడ్డాయంటే కథ మళ్లీ మొదటికొస్తుంది, కూలీ డబ్బులు దండగ. ముందు ఏ తీగ ప్రాణం ఎక్కడుందో చూడాలి. కొన్నింటిది భూమిలో గడ్డలో ఉంటుంది, కొన్నింటిది గింజలో, ఒకదానిదైతే అసలు మట్టిలోనే ఉండదు. నీ పెరట్లో మూడు రకాలూ ఉన్నాయి.

ప్రహరీ మీద గులాబీ రంగు పూలగుత్తులతో పాకింది చూడు, అదే అన్నింటికన్నా మొండిది. నర్సరీ వాళ్లు కోరల్ వైన్ అని అమ్ముతారు, మెక్సికో నుంచి వచ్చిన మొక్క. పూలకు తేనెటీగలు వస్తాయి, చూడ ముచ్చటగా ఉంటుంది, అందుకే జనం గేటు మీదికి పాకించుకుంటారు, తర్వాత అది పక్కింటి మామిడిచెట్టెక్కినప్పుడు లొల్లి మొదలవుతుంది. దీనికి కింద గడ్డలుంటాయి. పైన ఎంత కోసినా గడ్డలో దాచుకున్న తిండితో మళ్లీ చిగురు వేస్తుంది. ఇప్పుడు మే నెల, మన ఎర్రచల్కలో గడ్డపార కూడా దిగదు, కాబట్టి ఇప్పుడు తవ్వే పని పెట్టుకోకు. మోకాలెత్తు మొదళ్లు వదిలి పైదంతా కొడవలితో కోయించి దించెయ్యి. ఆ మొదళ్లు అట్లే ఉంచాలి, గడ్డ ఎక్కడుందో రేపు అవే చూపిస్తాయి.

మిరుగం (మృగశిర కార్తె) వానలు పడి నేల మెత్తబడగానే చిగుళ్లు లేస్తాయి. లేచీ లేవగానే మీద పడొద్దు. జానెడు పెరగనివ్వు, ఆపాటికి గడ్డలో ఉన్న తిండి కొంత ఖర్చయి ఉంటుంది. అప్పుడు మొదలు చుట్టూ మూరెడు దూరం నుంచి గడ్డపారతో మట్టి వదులు చేసుకుంటూ రా, లావు వేరు చేతికి తగిలితే గుంజకుండా దాని వెంబడే వేళ్లతో మట్టి తోడుకుంటూ పో. తెగి లోపల ముక్క మిగిలితే మళ్లీ మొలుస్తుంది. వచ్చిన ప్రతి ముక్కా తట్టలో పడాలి, గట్టు మీద వదిలేయొద్దు. గోడ పునాది కిందికి పోయిన గడ్డలను తవ్వలేవు, తవ్వాలని గోడ పాడు చేసుకోకు. వాటికి వేరే మందు ఉంది: వారం పది రోజులకోసారి, చిగురు ఆకు విప్పకముందే తుంచెయ్యడం. ఆకు లేకపోతే గడ్డకు తిండి అందదు. ఒక వానాకాలంలో చిక్కిపోతుంది, మొండిగా ఉంటే రెండో వానాకాలం కూడా పడుతుంది. విసుగు పుట్టించే పని, అందుకే చాలామంది మధ్యలో వదిలేస్తారు. పళ్లు తోముకుంటూ ఒక చుట్టు తిరిగి రావడం అలవాటు చేసుకో, సరిపోతుంది.

కాకిదొండ కూడా గడ్డ జాతే, దానికీ ఇదే పద్ధతి. కాకపోతే కాయ ఎర్రగా పండకముందే తెంపెయ్యి, పిట్టలు తిని ఊరంతా గింజలేస్తాయి.

ఇక కంచె మీద పసుపు దారాలు పోసినట్టున్నది బంగారు తీగ. కొందరు సీతమ్మ పోగులంటారు. దానికి ఆకు లేదు, మొలిచినప్పుడు ఉన్న వేరు కూడా ఒక మొక్కను పట్టుకోగానే ఎండిపోతుంది, ఇక ఆ మొక్క రసం పీల్చుకునే బతుకుతుంది. దీన్ని చేత్తో పీకుతూ కూర్చుంటే ముక్కలు కింద కొమ్మల మీద పడి అక్కడ మళ్లీ అంటుకుంటాయి. తీగ పట్టిన కొమ్మను, పట్టిన చోటుకు జానెడు కిందికి కత్తిరించి కొమ్మతో సహా తీసెయ్యి, జాలి పడకు. సన్నటి తెల్లటి పూలు కనపడకముందే ఇది అయిపోవాలి, ఎందుకంటే గింజ రాలితే ఏండ్లకేండ్లు మట్టిలో అట్లే పడి ఉంటుంది. దానిమ్మ దాకా ఇంకా రాలేదు కదా, అందుకే ఈ వారంలోనే ఈ పని చెయ్యి.

వెనక బోరు దగ్గర కంప మీద గోధుమరంగు నూగుతో వంకర కాయలున్న ఫోటో చూసి మాత్రం టెన్షన్ వచ్చింది. అది దూలగొండి. పిల్లలను అటు పోనివ్వకు. గాలి లేని పొద్దున, కాయల మీద బాగా నీళ్లు చల్లి తడిపాక, నిండు చేతుల చొక్కా, గ్లౌజులు వేసుకుని కాయలను సంచిలోకి కోసెయ్యాలి. నూగు అంటితే గోకొద్దు, ప్లాస్టర్ టేపు అతికించి లేపి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. అక్కడే గురిగింజ తీగ కూడా ఉన్నట్టుంది, సరిగా కనపడలేదు. ఎర్రగా నల్లగా అందంగా ఉందని చిన్నోడు గింజ కొరికితే ప్రాణం మీదికొస్తుంది, ఉంటే ముందు దాన్ని తీయించు.

కలుపు మందు కొడతానన్నావు కదా, నాకు ఇష్టం లేదు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, పైగా కొట్టేటప్పుడు ఆ తుంపర దానిమ్మ ఆకు మీద పడితే దానిమ్మా పోతుంది. టూ ఫోర్ డీ అనే కలుపు మందు ఇంకా తిరకాసు, గాలికి కొంచెం పోయినా పక్క చేనులో పత్తి ఆకులు ముడుచుకుపోతాయి, టమాటకూ అంతే. ఎవరి దగ్గరైనా స్ప్రేయరు అడిగి తెచ్చినా అందులో ముందేం కలిపారో మనకు తెలియదు. పారాక్వాట్ అనే కలుపు మందు డబ్బానైతే ఇంటి గడప దాటనివ్వకు, కడుపులోకి పోతే దానికి విరుగుడు లేదు. ఉప్పు పోస్తే చస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో, తీగ చావడం ఏమో గానీ నేల చౌడవుతుంది.

వంటింటి పక్కన ఖాళీ జాగాలో రకరకాల గింజ తీగలు మొలుస్తున్నాయన్నావు, దానికి మన ఎండే మందు. నేల చదును చేసి, బాగా తడిపి, అద్దంలా అవతలికి కనపడే పల్చటి పాలిథీన్ షీటు పరిచి అంచులు మట్టితో కప్పెయ్యి. నల్లది వద్దు, లోపలికి ఎండ దూరేది కావాలి. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకు. పైపొరలో ఉన్న గింజలు చాలావరకు ఉడికిపోతాయి, లోతు గడ్డలకు మాత్రం ఏమీ కాదు. షీటు తీశాక లోతుగా తవ్వొద్దు, తవ్వితే అడుగు గింజలు పైకొచ్చి చేసిందంతా వృథా.

తీసిన చెత్తను మోరీలో, రోడ్డు పక్కన వెయ్యకు, వాననీళ్లకు ఎవరి జాగాలోనో తేలుతుంది. గడ్డలు, కాయలు, బంగారు తీగ పట్టిన కొమ్మలు ఎరువు గుంతలో అసలే వద్దు. గడ్డలను ముక్కలు కోసి డాబా మీద పెళపెళలాడేదాకా ఎండబెట్టు.

గోడ బోసిగా ఉందని ఈ వానాకాలమే చిక్కుడో బీరో పాకించకు, రెండూ కలిసిపోతే ఏ చిగురు తుంచాలో నీకే తెలియదు. కంచె పక్కన రెండు సాళ్లు జొన్న చల్లు, బంగారు తీగ జొన్నను పట్టదు. విత్తనాలు కొనకు, మిరుగానికి వచ్చేటప్పుడు నేను తెస్తాను, గడ్డపార మాత్రం మంచిది చూసి కొని పెట్టు.

మీ పెద్దనాయిన