పీఎంపీకి 60 వేలు ఇప్పుడే కట్టొద్దు సర్

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రిగారు రాశారు. కుదించి చెప్తే విషయం ఇది: అమ్మాయి ఈసీఈ చదివింది, రెండేళ్లుగా గన్నవరం వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తోంది, బెంజ్ సర్కిల్ దగ్గర హాస్టల్లో ఉంటోంది. ఇప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్ అవుతానంటోంది. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు 60 వేలకి పీఎంపీ, అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ అనే సర్టిఫికెట్, చేయిస్తాం, ఎక్స్‌పీరియన్స్ సంగతి మేం చూసుకుంటాం అన్నారంట, రెండు వేలు అడ్వాన్స్ కూడా కట్టేశారు. ఆయన రిటైరయ్యి ఇంటి మీద పోర్షన్ వేయిస్తున్నారు, డబ్బు ఆచితూచి ఖర్చు పెట్టాలి. మిగతాది కట్టమంటారా అని అడిగారు.

వద్దు సర్, ఇప్పుడైతే వద్దు. పీఎంపీ చెడ్డదని కాదు, ఈ ఫీల్డ్‌లో బాగా పేరున్న సర్టిఫికెట్ అదే, కానీ అది మీ అమ్మాయికి ఇంకా అందదు. దాన్ని ఇచ్చేది పీఎంఐ అని అమెరికా సంస్థ, 1969లో పెట్టారు. డిగ్రీ ఉన్నవాళ్లు ఆ పరీక్షకి అప్లై చెయ్యాలంటే ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు చూపించాలి, 35 గంటల క్లాసులు విని ఉండాలి. కంపెనీలో 36 నెలలు ఉద్యోగం చేస్తే చాలు అనుకుంటారు చాలామంది, కాదు, నడిపించి ఉండాలి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చూసుకున్నా అది ఒక నెలే. మంచి విషయం ఏంటంటే ప్రాజెక్ట్ మేనేజర్ అనే హోదా ఉండక్కర్లేదు, టెస్టర్ అయినా ఒక పనిని మొదట్నుంచి చివరిదాకా నడిపితే అది లెక్కలోకొస్తుంది.

ఇక ఆ "మేం చూసుకుంటాం" అన్న మాట దగ్గరే నాకు భయం వేసింది. పీఎంఐ వాళ్లు కొన్ని అప్లికేషన్లని ఆడిట్‌కి తీస్తారు, అప్పుడు అందులో రాసిన పని నిజమేనని అప్పటి మేనేజర్లు ధ్రువీకరించాలి. లేని అనుభవం రాయించి పట్టుబడితే పరువు పోయేది కోచింగ్ సెంటర్‌ది కాదు, మీ అమ్మాయిది.

అంత తొందరగా ఉంటే సీఏపీఎం అని అదే సంస్థది ఇంకోటి ఉంది, దానికి అనుభవం అడగరు, 23 గంటల క్లాసులు చాలు. తర్వాత పీఎంపీకి వెళ్లినప్పుడు సీఏపీఎం చెల్లుబాటులో ఉంటే ఆ 35 గంటలు మళ్లీ చూపించక్కర్లేదు, కాబట్టి డబ్బు వృథా అవ్వదు. అయినా సరే ఇది కూడా ఒక ఆరు నెలలు ఆగి చేయమనే అంటా, ఎందుకో చెప్తా.

మీరు పోర్షన్ వేయిస్తున్నారు కదా, స్లాబ్ వేసే ముందు రోజు గుర్తు తెచ్చుకోండి. సెంట్రింగ్ అయింది, కమ్మీ కట్టారు, మిల్లర్ చెప్పారు, కూలీలు తెల్లారగట్ల వస్తామన్నారు, కానీ కరెంటు ఆయన పైపులు వెయ్యలేదు, ఫోన్ చేస్తే తెనాల్లో ఉన్నానన్నాడు. స్లాబ్ ఆగినట్టే. అదే గేటుకి రంగు వేసేవాడు పది రోజులు రాకపోయినా ఇల్లు ఆగదు, మీకు చిరాకు తప్ప. ఏది లేటైతే మొత్తం లేటవుతుందో, ఏది లేటైనా పర్లేదో ముందే తెలియడం, దీన్నే ప్రాజెక్ట్ మేనేజర్లు క్రిటికల్ పాత్ అంటారు. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ అనే కెమికల్ కంపెనీ వాళ్లు ప్లాంట్ల పనుల కోసం లెక్కగట్టి పెట్టిన పద్ధతి అది. మన మేస్త్రిలు దానికి పేరు పెట్టలేదు గానీ మంచి మేస్త్రికి అది తలలో ఉంటుంది, కరెంటాయనకి మూడు రోజుల ముందు నుంచే ఫోన్లు చేస్తుంటాడు చూడండి.

ఆ ఫోన్లు చేసే బుద్ధే ఈ ఉద్యోగం. అమ్మాయికి అది ఉందా లేదా అన్నది 60 వేలు కట్టకుండానే తేలుతుంది.

తేదీల సంగతి ఇంకోటి చెప్తా, మన విజయవాడదే. 2016 ఆగస్టు 12న కృష్ణా పుష్కరాలు మొదలు. బృహస్పతి కన్యారాశిలోకి వచ్చాడంటే వచ్చినట్టే, రెండు వారాలు ఆగు స్వామీ అనడానికి లేదు. ఘాట్లు ఆ తేదీకి అందాయి, కోట్లమంది స్నానాలు చేశారు. దుర్గ గుడి ఫ్లైఓవర్ కూడా పుష్కరాలకే అన్నారు, తెరిచింది 2020 అక్టోబర్లో. అదే ఊరు, అదే తేదీ, ఒకటి అందింది ఒకటి అందలేదు. తప్పెవరిదని నేను అనట్లేదు. తేదీ కదలనప్పుడు పనైనా తగ్గాలి, మనుషులో డబ్బో అయినా పెరగాలి, మూడూ బిగించి పట్టుకుంటే కుదరదు, ఆ మాట పెద్దవాళ్ల ముందు టైముకి, మర్యాదగా, నసక్కుండా చెప్పగలిగినవాళ్లకే ఇందులో జీతం. ఎక్సెల్ షీటు ఎవరైనా నింపుతారు.

నా సంగతే చెప్తా. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ ఒక కంపెనీలో కోఆర్డినేటర్‌గా చేశా, పేరెందుకు. ప్రతి సోమవారం మీటింగులో అందరినీ ఎంతవరకు వచ్చింది అంటే 90 శాతం అనేవాళ్లు, నేను 90 అని రాసుకునేవాణ్ణి, అయిదు వారాలు వరసగా 90 రాశా. ఆరో వారం క్లయింటు ఫోన్ చేశాక తెలిసింది ఒక ముక్క అసలు మొదలే పెట్టలేదని. అప్పట్నుంచి శాతాలు అడగడం మానేశా, అయిందా కాలేదా, కాకపోతే దేనికోసం ఆగింది, ఎవరు చెయ్యాలి, ఎప్పటికి, ఇవే అడిగేవాణ్ణి. కొంతమందికి నేనంటే విసుగు కూడా వచ్చింది, రానివ్వండి.

కాబట్టి అమ్మాయి ఇప్పుడు చెయ్యాల్సింది, ఉన్న కంపెనీలోనే తన లీడ్ దగ్గరకెళ్లి వచ్చే రిలీజ్‌కి, అంటే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కి, టెస్టింగ్ మొత్తం నేను ట్రాక్ చేస్తానండీ అని అడగాలి. ఎవరూ కాదనరు, ఆ పని అంటే అందరికీ తలనొప్పి. మీటింగ్ అయ్యాక ఎవరు ఏం చేస్తామన్నారో అరగంటలో మెయిల్ పెట్టాలి, జిరాలో, అంటే ఎవరి పని ఎంతవరకొచ్చిందో రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో, పెండింగ్ ఉన్నవాటి వెనకాల పడాలి, ఏదైనా ఆలస్యమయ్యేలా ఉంటే ఆలస్యమయ్యాక కాదు ముందే చెప్పాలి. ఇక్కడ తిప్పలేంటంటే డెవలపర్లు తనకంటే సీనియర్లు, తన మాట వినాల్సిన అవసరం వాళ్లకి లేదు, అధికారం లేకుండా పని చేయించుకోవాలి, మొదట్లో ఏడుపొస్తుంది కూడా. ఆరు నెలలు అది చేశాక కూడా నాకిదే కావాలి అంటే అప్పుడు డబ్బు పెట్టండి. వద్దు నాకు టెస్టింగే బాగుంది, ఆటోమేషన్ నేర్చుకుంటా అంటే అదీ మంచి దారే, తక్కువేం కాదు.

ఒక డైరీ పెట్టమనండి. ఏ నెలలో ఏ ప్రాజెక్టు, ఎంతమంది టీము, తను ఏం నడిపింది, ఏ తేదీకి అవ్వాలి ఏ తేదీకి అయింది, ఆ టైములో మేనేజర్ ఎవరు. మూడేళ్ల తర్వాత పీఎంపీ అప్లికేషన్ నింపేటప్పుడు ఇవే అడుగుతారు, అప్పటికి సగంమంది మేనేజర్లు కంపెనీలు మారిపోయి ఉంటారు. ఇంటర్వ్యూల్లో కూడా ఇదే పనికొస్తుంది, టీమ్ ప్లేయర్ని, హార్డ్ వర్కర్ని అని చెప్పేవాళ్లు వందమంది, "నాలుగు రోజులు లేటయ్యేది, ఫలానా పని ముందుకి జరిపి ఒక రోజుకి తెచ్చా" అని చెప్పేవాళ్లు ఇద్దరే.

పై మెట్ల గురించి కూడా అడిగారు. మామూలుగా టెస్ట్ లీడో ప్రాజెక్ట్ కోఆర్డినేటరో ముందు, తర్వాత ప్రాజెక్ట్ మేనేజర్, ఆ పైన నాలుగైదు ప్రాజెక్టులు కలిపి చూసే ప్రోగ్రామ్ మేనేజర్. స్క్రమ్ మాస్టర్ అనేది వేరే పాత్ర, స్క్రమ్ అంటే పనిని చిన్న చిన్న విడతలుగా చేసుకుంటూ పోయే పద్ధతి, అది టీము సరిగ్గా పాటించేలా చూసేవాళ్లు వీళ్లు, ప్రకటనల్లో రెండూ కలిపేస్తుంటారు, స్క్రమ్ పద్ధతిలో అసలు ప్రాజెక్ట్ మేనేజర్ అనే పేరే ఉండదు, కాబట్టి అప్లై చేసే ముందు కింద రాసిన పని చదవమనండి. పీఎంపీ వచ్చినా ఒకసారి పాసై పెట్టెలో దాచుకునేది కాదు, మూడేళ్లకోసారి 60 పీడీయూలు, అంటే నేర్చుకున్న గంటల లెక్క, చూపించి రెన్యూ చేసుకోవాలి.

సివిల్ పిల్లల తల్లిదండ్రులు ఇది చదివితే, మీ దారి వేరండీ, అక్కడ ప్రిమవేరా అనే షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్, బిల్లులు, సైటు అనుభవం, అది ఇంకోసారి రాస్తా.

ఆ రెండు వేల అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమని ఒకసారి అడగండి సర్, రసీదు ఉంటే పట్టుకెళ్లండి. ఇవ్వకపోతే వాళ్లతో గొడవ పెట్టుకోకండి, మీ స్లాబ్ పనులు మీకున్నాయి. శనివారం అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు మీ మేస్త్రి దగ్గర ఒక గంట కూర్చోబెట్టండి, ఏది ముందు ఏది వెనక అని ఎట్టా పెట్టుకుంటున్నాడో అమ్మాయినే అడిగి రాసుకోమనండి, ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి, చూసి చెప్తా.