‘విషపు’ అన్న మాట కొట్టేశాను

అమ్మాయీ,

ఆశీస్సులు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు ఎలా పాకుతుందో వివరిస్తూ నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఎంత కష్టపడ్డావో పేజీ పేజీలో తెలుస్తోంది. రెండో పేజీలో “ర్యాంక్ లైగాండ్ అనే విషపు అణువు ఎముకల మీద దాడి చేస్తుంది” అన్నావు చూడు, అందులో ‘విషపు’ కొట్టేశాను. ‘దాడి’ కూడా. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ర్యాంక్ లైగాండ్ నీ ఒంట్లో ఉంది, నా ఒంట్లోనూ ఉంది. అది లేకపోతే ఎముకకు మరమ్మతే జరగదు. ఎముకలో ఒకచోట పాతది తొలుస్తూ ఉంటే వెనకే కొత్తది కడుతూ ఉంటారు. పెద్దవాళ్ళ ఎముకల్లో ఏటా సుమారు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. తొలిచే కణం ఆస్టియోక్లాస్ట్, కట్టే కణం ఆస్టియోబ్లాస్ట్. తొలిచేవాళ్ళను పనిలోకి పిలిచే వాళ్ళలో కట్టే మేస్త్రీలూ ఉన్నారు. ఆ పిలుపే ర్యాంక్ లైగాండ్ అనే ప్రొటీన్. పిలుపు మితిమీరకుండా ఆ మేస్త్రీలే ఆస్టియోప్రొటెజెరిన్ అనే ఇంకో ప్రొటీన్‌నూ వదులుతారు. అది ర్యాంక్ లైగాండ్‌ను దారిలోనే పట్టుకుని ఆపుతుంది. ఈ రెండిటి తూకం ఎలా ఉంటే ఎముక అలా ఉంటుంది. జబ్బు పేరు ఎత్తకముందే ఇదంతా రాయి. బాగున్న ఎముక ఏం చేస్తుందో తెలియకపోతే, జబ్బుపడ్డ ఎముక గురించి ఎంత చెప్పినా చదివేవాళ్ళకు భయమే మిగులుతుంది.

ఆ భయం ఏం చేస్తుందో నాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రితం ఇదే విషయం మీద నేనూ ఒక వ్యాసం రాశాను. శత్రువు, ముట్టడి, కోట కూలడం, అన్నీ పెట్టాను. బాగుందని చాలామంది అన్నారు. నెల తర్వాత ఒక కార్డు వచ్చింది. “మీరు రాసింది చదివాక మా ఆవిడ మంచం దిగడం లేదండి, అడుగేస్తే ఎముక విరుగుతుందని.” అంతే ఉంది అందులో. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

పీటీహెచ్ఆర్‌పీని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నా లెక్కన నీ వ్యాసానికి గుండెకాయ అదే. బిడ్డకు పాలిచ్చే రోజుల్లో తల్లి రొమ్ము ఈ ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. దాంతో ఎముకలోంచి కాల్షియం కొంత కరిగి పాలలోకి చేరుతుంది. పాలు మాన్పించాక ఎముక చాలావరకు మళ్ళీ పూడుకుంటుంది. రొమ్ముకూ ఎముకకూ మధ్య ఈ రాకపోకలు క్యాన్సర్‌కు ముందే ఉన్నాయన్నమాట. ఎముకలో చేరిన క్యాన్సర్ కణం ఇదే ప్రొటీన్‌ను వదులుతుంది, కాకపోతే మాన్పించేవాళ్ళు ఉండరు. ఇక్కడ జాగ్రత్త, పాలివ్వడం ప్రమాదమని ఏ తల్లీ అనుకోకూడదు. పాలిచ్చినవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంత తగ్గుతుందన్న మాట ఆ పేరాలోనే ఉండాలి, కింద పేరాకు వాయిదా వేయకు.

కణం ఎముకకే ఎందుకు వెళ్తుందన్న భాగం బాగా రాశావు. లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ 1889లో 735 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల పోస్ట్‌మార్టం రికార్డులు చూసి క్యాన్సర్ కణం విత్తనం, అది మొలకెత్తే అవయవం నేల అని చెప్పిన సంగతి, ఎముక మూలుగ వదిలే సీఎక్స్‌సీఎల్12 అనే సంకేత ప్రొటీన్‌ను పట్టుకునే రిసెప్టర్ (గ్రాహకం) రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఉందని 2001లో తేలిన సంగతి, రెండూ చక్కగా కలిశాయి. అక్కడ నేను చెయ్యి పెట్టలేదు.

‘విషవలయం’ అని రాసి ఆగిపోయావే, అక్కడ ఆగకు. ఆస్టియోక్లాస్ట్‌ను దగ్గరగా చూపించు. కొన్ని కణాలు కలిసిపోయి ఒక్కటైన పెద్ద కణం అది, లోపల చాలా కేంద్రకాలుంటాయి. అంచులతో ఎముకకు గట్టిగా అతుక్కుని, మధ్యలో మిగిలిన జాగాలోకి ఆమ్లం వదులుతుంది. ఖనిజం కరుగుతుంది. మిగిలిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులను కాథెప్సిన్ కె అనే ఎంజైమ్ తెంచుతుంది. కణం పక్కకు జరిగితే కింద చిన్న గుంట. ఎముక కట్టినప్పుడే లోపల దాచి ఉంచిన టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్ ఆ గుంటలోంచి బయటపడుతుంది, పాత ఇంటి గోడ పడగొడితే లంకెబిందె దొరికినట్టు. పక్కనున్న క్యాన్సర్ కణానికి అది అందితే పీటీహెచ్ఆర్‌పీ ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. అది మేస్త్రీల చేత ర్యాంక్ లైగాండ్ మరింత వదిలిస్తుంది, ఆస్టియోప్రొటెజెరిన్ తగ్గిస్తుంది. ఇంకో గుంట పడుతుంది. ఇలా ఒక చుట్టు పూర్తిగా తిప్పి చూపిస్తే ‘విషవలయం’ అన్న మాటే నీకు అక్కర్లేదు.

డెనోసుమాబ్ అనే మందు దగ్గర ఉత్సాహం కాస్త ఎక్కువైంది. అది ర్యాంక్ లైగాండ్‌ను పట్టుకునే యాంటీబాడీ, అంటే ఆస్టియోప్రొటెజెరిన్ చేసే పనే చేస్తుంది. ఎముకకు పాకినవాళ్ళ కోసం అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. ఎముక విరగడం, వెన్నుపాము నొక్కుకుపోవడం లాంటివాటిని అది ఆలస్యం చేస్తుంది. ఇంతవరకు నువ్వు రాసింది నిజం. “ముందే ఇస్తే అసలు పాకదు” అన్నది మాత్రం తీసేయాలి. డీ-కేర్ అనే ట్రయల్‌లో 4,500 మందికి పైగా మహిళల మీద సరిగ్గా ఆ ఆశనే పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితాల్లో ఎముకకు పాకకుండా బతికిన కాలం పెరగలేదు. కాగితం మీద వలయం అంత స్పష్టంగా కనిపించినా మనిషి ఒంట్లో అలా జరగలేదని రాయి. అది రాస్తే వ్యాసం బలహీనపడుతుందని టెన్షన్ పడకు. మందుకు డబ్బు కూడబెట్టుకునే ఇంట్లోవాళ్ళకు ఆ వాక్యం చాలా అవసరం.

ఒక పేరా కొత్తగా చేర్చు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళకు కొత్తగా నడుం నొప్పో వెన్ను నొప్పో మొదలై, పడుకున్నా తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పాలి. కాళ్ళలో పట్టు తప్పినా, మూత్రం ఆగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత కలిసి వస్తే రక్తంలో కాల్షియం పెరిగి ఉండొచ్చు. చిన్న వాక్యాల్లో రాయి.

మార్చాక నాకు పంపేముందు మీ అమ్మకు చదివి వినిపించు. ఆవిడ ఎక్కడ ఆపి ప్రశ్న అడిగితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఆ గుర్తులున్న కాగితమే నాకు పంపు.

ప్రేమతో,
మీ మాస్టారు