పాఠకుల ప్రశ్నలు: గాలం తగిలితే మాంటాకి ఏమవుతుంది?

ప్రశ్న: మేం ఫ్లోరిడాలో వెస్ట్ పామ్ బీచ్ దగ్గర ఉంటాం. మావారు, పిల్లలు స్నేహితుల బోటులో చేపలు పట్టడానికి వెళ్తుంటారు. ఈమధ్య ఒక పెద్ద మాంటా (రెక్కల్లాంటి వెడల్పాటి ఒళ్లుండే టేకు జాతి చేప) పైకి తేలితే బోటులో అందరూ దాని పక్కకే గాలాలు విసిరారట, దాని నీడలో కోబియా చేపలు తిరుగుతాయని. మా చిన్నాడు దానికి గుచ్చుకుంటుందేమోనని బెంగ పెట్టుకున్నాడు. అంత పెద్ద జంతువుకి ఒక చిన్న గాలం లెక్కా?

జవాబు: లెక్కేనండీ, మీ చిన్నాడి బెంగలో న్యాయం ఉంది. ముందు ఒక మాట, మీవాళ్లు చూసిన ఆ 'పెద్ద' మాంటా దాదాపు ఖాయంగా పిల్ల అయివుంటుంది. మాంటా పిల్ల పుట్టేటప్పుడే రెక్క చివర నుంచి రెక్క చివరకి సుమారు మీటరున్నర ఉంటుంది, ఈడుకొచ్చేసరికి నాలుగు మీటర్లు అవుతుంది, ఆ తర్వాత ఇంకా పెరుగుతుంది కూడా. కాబట్టి రెండు, రెండున్నర మీటర్ల మాంటా మనకి భారీగా కనిపించినా అది ఇంకా పసిదే. మీ తీరంలో 2016 నుంచి కొన్నేళ్లపాటు పరిశోధకులు బోటులో తిరిగి, పొట్ట మీది మచ్చల్ని ఫొటోలు తీసి (ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, మన వేలిముద్రల్లాగే) 59 మాంటాలను గుర్తుపట్టారు. దాదాపు అన్నీ పిల్లలే. వాటిలో నాలుగోవంతుకు పైగా వాటికి ఒంట్లో గాలం దిగివుండటమో, ఒంటికి తంగూసు చుట్టుకుని ఉండటమో చూశారు.

గాలం కంటే తంగూసే ఎక్కువ ప్రమాదం. మాంటా ఈదుతూ ఉంటేనే నీరు మొప్పల గుండా పారి ఊపిరి ఆడుతుంది, ఆగడానికి లేదు, వెనక్కి ఈదడం దానికి రాదు. దారం తగిలితే ముందుకే పోతుంది, గింగిరాలు తిరుగుతుంది, అది తల దగ్గరి కొమ్ముల్లాంటి రెక్కలకీ, పెద్ద రెక్కలకీ చుట్టుకుపోతుంది. పిల్ల పెరుగుతుంది, తంగూసు పెరగదు కదా, అలాగే కోసుకుంటూ లోపలికి దిగుతుంది.

ఫ్లోరిడా జలాల్లో మాంటాను పట్టడం 2006 నుంచే నిషేధం. 2018లో అమెరికా ప్రభుత్వం జెయింట్ మాంటాను ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. కానీ ఈ చట్టాలతో బోటులో గాలం పట్టుకున్న చేతిని ఎవరు ఆపుతారు చెప్పండి? మీవారికి చెప్పండి: మాంటా కనబడితే దారం చుట్టేసుకుని, అది వెళ్లేదాకా ఆగమని. కోబియా మళ్లీ దొరుకుతుంది. పొరపాటున గాలం తగిలితే బోటులోకి లాగొద్దు, నీళ్లలోనే ఉంచి, గాలానికి వీలైనంత దగ్గరగా దారం కోసెయ్యాలి. పది మీటర్ల దారం దాని ఒంటిమీదే వదిలేస్తే విడిపించినట్టు కాదు.

ప్రశ్న: ఇంత రద్దీ తీరంలోనే మాంటా పిల్లలు ఎందుకు పెరుగుతున్నాయి? ఆ నీళ్లలో బోట్లు ఆపేస్తే సరిపోదా?

జవాబు: తిండికి ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సన్నసన్న జీవులు) ఉంటుంది, లోతు తక్కువ కాబట్టి పెద్ద సొరచేపల బెడద కొంత తగ్గుతుంది, అందుకే ఒడ్డుకు చేరతాయని అనుకుంటున్నారు. బోట్లు ఆపెయ్యడం దక్షిణ ఫ్లోరిడాలో జరిగే పని కాదు, నాకైతే దాని మీద ఆశ లేదు. వేగం తగ్గించడం మాత్రం సాధ్యమే, ముఖ్యంగా బోట్లన్నీ ఒకే దారిన సముద్రంలోకి వెళ్లే ఇన్‌లెట్ల దగ్గర. మాంటా నీటి పైభాగాన ఈదుతుంది, బోటు ఇంజను ఫ్యాన్ రెక్కలు తగిలేది అక్కడే. 'మేం గాయాలతో ఉన్నవాటిని చూడలేదే' అంటారు కొందరు. ఆస్ట్రేలియాలో నింగలూ దగ్గర గమనించినదేమిటంటే, బోటు తగిలిన గాయాలు త్వరగా మానిపోతాయి, తీవ్రంగా తగిలినవి చచ్చి మునిగిపోతే మనకి కనిపించనే కనిపించవు. తల్లి మాంటా ఏడాదికి పైగా మోసి ఒక్క పిల్లనే కంటుంది, తర్వాతి కాన్పుకి చాలాసార్లు రెండుమూడేళ్లు పడుతుంది. పోయినదాని చోటు అంత తేలిగ్గా నిండదు.

ప్రశ్న: మా విశాఖ వైపు వలల్లో పెద్ద టేకు చేపలు పడుతుంటాయి. అవీ ఇవీ ఒకటేనా? ముల్లు గుచ్చితే ప్రమాదమా?

జవాబు: ఒకే పెద్ద కుటుంబం. తోక దగ్గర విషపు ముల్లు ఉండేది మామూలు టేకులకి. మాంటా ముల్లుతో కుట్టదు, దాని జోలికి వెళ్లకపోతే మనిషికి భయం లేదు. మన దగ్గర మాంటాకి, దాని చుట్టాలకి ముప్పు గాలం కంటే వలల నుంచే ఎక్కువ. వేరే చేప కోసం వేసిన వలలో పడిపోతాయి, పైగా వాటి మొప్పల పలకలకి చైనా మందుల వ్యాపారంలో మంచి ధర ఉంది. ప్రాణంతో ఉన్నది వలలో కనిపిస్తే తోక పట్టుకునో, మొప్పల్లో చెయ్యి పెట్టో, తల దగ్గరి రెక్కలు పట్టుకునో లాగకండి. ఇద్దరు ముగ్గురు కలిసి రెండు పక్కలా రెక్కల కింద పట్టుకుని ఎత్తి, ఆలస్యం చెయ్యకుండా నీళ్లలోకి జారవిడవాలి.